మెండెల్ అంకెల మీద మచ్చ: పది గింజల దగ్గర మొదలైన వివాదం

బఠానీ మొక్కల్లో గ్రెగర్ మెండెల్ పరిశీలించిన ఏడు లక్షణాల్లో నాలుగింటికి మూలమైన జన్యువులు 1990, 2010 సంవత్సరాల మధ్య ఒక్కొక్కటిగా దొరికాయి. మిగిలిన మూడింటి సంగతి, అంటే కాయ రంగు, కాయ ఆకారం, కాండంపై పూలు పూసే చోటు, 2025 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనతో తేలింది. ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్ శాస్త్రవేత్తలు, చైనా శాస్త్రవేత్తలు కలిసి దాదాపు 700 బఠానీ రకాల జన్యుక్రమాలను పరిశీలించి ఈ పని పూర్తి చేశారు. అయితే మెండెల్ పేరు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా ఒక పాత నింద కూడా ఆయన వెంట వస్తుంది. ఆయన ప్రకటించిన అంకెలు నమ్మశక్యం కానంత చక్కగా ఉన్నాయని, వాటిని ఎవరో దిద్ది ఉంటారని ఆ నింద సారాంశం. ఏడు లక్షణాలకూ జన్యువులు దొరికాక కూడా ఆ మాట వినిపిస్తూనే ఉంది కనుక, అది ఎక్కడ పుట్టిందో చూడాలి.

మఠంలోని తోట, రెండో తరంలో పైకి తేలే బహిర్గత లక్షణానికీ, దాని చాటున అణగి ఉండే అంతర్గత లక్షణానికీ మధ్య కనిపించే 3:1 నిష్పత్తి, 1866లో అచ్చయిన వ్యాసాన్ని 1900 దాకా ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవడం, ఇవన్నీ పదో తరగతి జీవశాస్త్రం చదివినవారికి తెలిసినవే. నిందకు తొలి బీజం 1902లో పడింది. ఆక్స్‌ఫర్డ్ జంతుశాస్త్రవేత్త రాఫేల్ వెల్డన్ మెండెల్ అంకెలు సిద్ధాంతానికి మరీ దగ్గరగా ఉన్నాయని గుర్తించారు. ఆకుపచ్చ నుంచి పసుపు దాకా క్రమంగా మారే బఠానీ గింజలను వరుసగా పేర్చి రంగుల చిత్రంగా అచ్చు వేయించి, వీటిలో పసుపు ఎక్కడ మొదలవుతుందో ఎలా చెబుతారని ప్రశ్నించారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆయన 1906లో, 46 ఏళ్లకే చనిపోవడంతో ఆ వాదన అక్కడే ఆగింది.

అసలు మలుపు 1936లో వచ్చింది. గణాంకశాస్త్రంలో ఆ కాలపు దిగ్గజం రొనాల్డ్ ఫిషర్ (విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్. రావు తర్వాతి రోజుల్లో కేంబ్రిడ్జ్‌లో డాక్టరేట్ చేసింది ఈయన దగ్గరే) మెండెల్ వ్యాసాన్ని వాక్యం వెంట వాక్యం చదివి, ప్రతి అంకెకూ కై వర్గ పరీక్ష (సిద్ధాంతం చెప్పే అంకెకూ, నిజంగా వచ్చిన అంకెకూ ఉన్న తేడాను కొలిచే గణాంక పద్ధతి) జరిపారు. ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, సిద్ధాంతానికి ఇంత దగ్గరగా ఫలితాలు రావడానికి లక్షలో ఏడు వంతుల అవకాశమే ఉందని తేల్చారు. మెండెల్ సొంతంగా మోసం చేశారని ఫిషర్ అనలేదు. ఏ ఫలితం రావాలో ముందే తెలిసిన సహాయకుడెవరో ఆయనను మోసగించి ఉండవచ్చని ఊహించారు.

లక్షలో ఏడు అన్న అంకె అందరికీ గుర్తుండిపోయింది. కానీ ఫిషర్ అనుమానానికి ఆయువుపట్టు మరో చోట ఉంది. రెండో తరంలో బహిర్గత లక్షణం కనబరిచే మొక్కల్లో మూడోవంతు శుద్ధమైనవి, మిగిలిన రెండు వంతులు అంతర్గత లక్షణాన్ని కూడా లోపల దాచుకున్న సంకరమైనవి. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా తెలుసుకోవడానికి మెండెల్ ఒక్కో లక్షణానికి నూరు మొక్కలు ఎంచుకుని, ఒక్కో మొక్క నుంచి పది గింజలు నాటానని రాశారు. పదింటిలో ఒక్కటైనా అంతర్గత లక్షణంతో మొలిస్తే తల్లి సంకరం, పదీ ఒకేలా వస్తే శుద్ధం. ఇక్కడే ఫిషర్ ఒక చిక్కు పట్టుకున్నారు. సంకర మొక్క పది గింజల్లో అంతర్గత లక్షణం ఒక్కదానిలోనూ బయటపడకపోయే అవకాశం నూటికి 5.6 వరకు ఉంటుంది. అంటే కొన్ని సంకర మొక్కలు శుద్ధమైనవాటి లెక్కలో కలిసిపోవాలి. ఆ ప్రకారం 600 మొక్కల్లో సంకరాలుగా తేలవలసినవి 377 లేదా 378. మెండెల్ వ్యాసంలో ఉన్నవి 399. ఈ సవరణ లేకుండా, నేరుగా 2:1 నిష్పత్తితో లెక్కిస్తే వచ్చేది 400.

ఒక పొరపాటు లెక్కకు అంకెలు ఇంత కచ్చితంగా సరిపోవడం ఫిషర్‌కు అపరాధానికి ఆనవాలుగా తోచింది. నిజానికి ఈ తేడా కేవలం యాదృచ్ఛికంగా కూడా దాదాపు ముప్పై సార్లలో ఒకసారి రాగలదు. అది అరుదే, అసాధ్యం కాదు.

ఆ 600 మొక్కలు వచ్చిన తీరు కూడా చూడాలి. ఈ పరీక్ష జరిగిన లక్షణాలు ఐదే కనుక మొక్కలు 500 ఉండాలి. కాయ రంగు పరీక్షలో నూటికి 60 మాత్రమే సంకరాలుగా తేలడంతో మెండెల్ ఆ ప్రయోగాన్ని మళ్లీ చేశారు, ఈసారి 65 వచ్చాయి. రెండు ఫలితాలనూ ఆయన వ్యాసంలో పెట్టారు. అంకెలు దిద్దే మనిషి తనకు ఇబ్బందిగా ఉన్న 60ని ఎందుకు అచ్చు వేయిస్తాడు? నింద మోపేవారు ఈ ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు చెప్పలేదనే నా అభిప్రాయం.

ఫిషర్ వ్యాసం మూడు దశాబ్దాల పాటు పెద్దగా ఎవరి కంటా పడలేదు. 1960లలో, మెండెల్ ప్రయోగాల శతాబ్ది సందర్భంలో అది మళ్లీ వెలుగులోకి రాగానే, సహాయకుడి మీద ఊహ మరుగున పడి, మోసం అన్న మాట మెండెల్ మీదే నిలిచిపోయింది.

పది గింజల చిక్కుకు సమాధానం పొలంలో పని చేసేవారికి తట్టేదే. నాటిన గింజలన్నీ మొలవవు. ఎనిమిదో తొమ్మిదో మొలిచి, వాటిలో ఒకటి అంతర్గత లక్షణం చూపితే ఆ తల్లి సంకరమని నిస్సందేహంగా రాసుకోవచ్చు. అదే, ఎనిమిదీ ఒకేలా వస్తే పది పూర్తి కాలేదు కనుక ఆ మొక్కను పక్కన పెట్టవలసి వస్తుంది. ఇలా వదిలేసినవాటిలో శుద్ధమైనవే ఎక్కువ ఉంటాయి కాబట్టి, ఎవరూ ఏమీ దిద్దకుండానే సంకరాల సంఖ్య కొద్దిగా పెరుగుతుంది. అమెరికా జన్యుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ నొవిట్‌స్కీ 2004లో ఈ వివరణ ఇచ్చారు. మొత్తం అంకెల చక్కదనానికి పోర్చుగల్ గణాంకవేత్తలు ఆనా పిరెస్, జొవావు బ్రాంకు 2010లో మరో దారి చూపారు. అనుమానంగా తోచిన ప్రయోగాన్ని మళ్లీ చేసి, రెండింటిలో మెరుగైనదాన్ని మాత్రమే ప్రకటించే అలవాటు ఉంటే ఇలాంటి అంకెలే వస్తాయని వారు లెక్క కట్టి చూపారు. నేటి ప్రమాణాల ప్రకారం అది తప్పే, కానీ 1860లలో అలాంటి నియమం ఎవరికీ లేదు. ఫిషర్ గణితం మాత్రం చెక్కు చెదరలేదు. అంకెలు ఉండవలసినదానికన్నా దగ్గరగా ఉన్నాయని మెండెల్‌ను సమర్థించేవారూ ఒప్పుకుంటారు. తోటలో రాసుకున్న పుస్తకాలేవీ మిగలలేదు కనుక ఆ కొద్దిపాటి మొగ్గు ఎలా వచ్చిందో నేరుగా సరిచూసే వీలు లేదు.

మిగిలినవాటిలో ముఖ్యమైనవి, మ్యూనిక్‌లోని వృక్షశాస్త్రవేత్త కార్ల్ నేగెలీకి మెండెల్ రాసిన ఉత్తరాలు. తన ఫలితాలను నమ్మని ఆ పెద్దమనిషికి ఆయన 1867లో విత్తనాల పొట్లాలు పంపి, స్వయంగా నాటి చూసుకునే అవకాశం కల్పించారు. ఆ పరీక్షను భారీ ఎత్తున చేసినవారిలో ఒకరు ఆర్థర్ డార్బిషైర్. ఒకప్పుడు వెల్డన్ శిష్యుడిగా మెండెల్ సిద్ధాంతాన్ని శంకించిన ఆయన, 1909 నాటికి 1,45,246 బఠానీ గింజలను రంగు చూసి వేరు చేశారు. వాటిలో పసుపువి 1,09,060, ఆకుపచ్చవి 36,186, అంటే దాదాపు 3:1.