బజ్జీల పొట్లంలో ఆధార్: మన వివరాలు ఎవరి సొత్తు?

మొన్న శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర బజ్జీలు కొన్నాను. పొట్లం విప్పి చూస్తే ఎవరో పెద్దాయన ఆధార్ జిరాక్స్! నూనె మరకల మధ్య ఫొటో, ఊరు, పుట్టిన తేదీ, నంబరు అన్నీ చక్కగా కనిపిస్తున్నాయి. కాగితాన్ని ముక్కలుగా చింపేశాను గానీ మనసు ఊరుకోలేదు. ఆ వివరాలు ఆయనవా, జిరాక్స్ తీసుకుని పడేసిన ఆఫీసువా?

ఈ తగువు పాతదే. 1954లో ఎనిమిది మంది సుప్రీంకోర్టు జడ్జిలు, 1962లో ఆరుగురిలో ఎక్కువమంది, రాజ్యాంగంలో గోప్యత హక్కు లేదనేశారు. ఆ రెండోది ఖరక్ సింగ్ కేసు. దోపిడీ కేసులో సాక్ష్యం లేక వదిలేసినా పోలీసులు రాత్రిళ్లు ఆయన తలుపు కొట్టేవాళ్లు. అలా రావడం తప్పని కోర్టు చెప్పింది, గోప్యతను మాత్రం హక్కుగా ఒప్పుకోలేదు.

సమాచార సాంకేతిక (ఐటీ) చట్టంలో 2008లో చేర్చిన 43ఎ సెక్షన్ కింద కంపెనీలు మన వివరాల విషయంలో అజాగ్రత్తగా ఉంటే పరిహారం అడగొచ్చు, సర్కారు ఆఫీసులు దాని కిందకి రావు. ఈలోగా ఆధార్ వచ్చింది. దాని మీద 2012లో రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి కోర్టుకెక్కారు, ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిలు, అందులో మన జాస్తి చలమేశ్వర్ గారు కూడా, గోప్యత ప్రాథమిక హక్కేనని ఒక్క మాటగా చెప్పారు.

మరి సొత్తు సంగతి? వివరాలు వాడకందారువే, కంపెనీలు కాపలాదార్లు మాత్రమే అని 2018లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసింది. 2023 డేటా రక్షణ చట్టంలో ఆ మాటే లేదు, నాకు బాధ కలిగించేది ఇదే. అనుమతి వెనక్కి తీసుకోవచ్చు, తప్పులు దిద్దించుకోవచ్చు, చెరిపించుకోవచ్చు, అనుమతి అడిగే నోటీసు తెలుగులో చదువుకునే వీలూ ఇవ్వాలి. జరిమానా 250 కోట్ల దాకా. ఇవి మంచివే. కానీ పరిశోధనకి షరతులతో మినహాయింపు ఉంది. కిడ్నీ జబ్బుతో నలిగిపోతున్న ఉద్దానంలో ఎందరో రక్త నమూనాలిచ్చారు. పరిశోధన ఆగకూడదు, అయితే తన రిపోర్టు ఎవరి చేతిలో ఉందో కవిటి రైతుకి తెలియాలి కదా!

ఆ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన సెక్షన్ల అమలుకి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అప్పుడు కూడా కంప్యూటర్లోకి ఎక్కని కాగితానికి ఈ చట్టం వర్తించదు. అందుకే ఇప్పుడు నాన్నగారి ఆధార్ జిరాక్స్ ఎక్కడిచ్చినా, ఎందుకిస్తున్నామో, తేదీతో సహా, దాని మీద అడ్డంగా పెన్నుతో రాసే ఇస్తున్నాను.