సింగపూర్‌లో భూప్రకంపనలు: అపోహలు - వాస్తవాలు

పక్కనున్న ఇండోనేషియా దీవి సుమత్రాలో భూకంపం వస్తే చాలు, సాయంత్రానికల్లా నా ఫోన్‌ నిండా గోడ పగుళ్ల ఫొటోలే. బిల్డింగులు తనిఖీ చేసే ఇంజనీరునని ఇక్కడి తెలుగువాళ్లందరికీ తెలుసు మరి.

అపోహ: "మా పంతొమ్మిదో అంతస్తు ఊగింది, కిందవాళ్లకు తెలియనే లేదట. మా బ్లాకే వీక్."

కాదండీ. సుమత్రా ఫాల్ట్, అంటే అక్కడ భూకంపాలు పుట్టే నేల చీలిక, మనకు దాదాపు 400 కిలోమీటర్ల దూరం. ఊరేగింపు దూరంగా పోతుంటే సన్నాయి వినపడదు, డోలు దెబ్బ వినిపిస్తుంది. ఇదీ అంతే. గబగబా అదిరే కంపనాలు దారిలోనే అణిగిపోతాయి, నిదానంగా ఊపేవి ఇక్కడిదాకా వస్తాయి. 20-30 అంతస్తుల బ్లాకు ఒకసారి అటూ ఇటూ ఊగడానికి పట్టేదీ రెండు మూడు సెకన్లే. ఈ రెండిటి లయ కలిస్తే పైన లైటు ఊగుతుంది, కింద కాఫీ షాపులో టీ తొణకదు. కల్లాంగ్ వైపు మెత్తటి బంకమట్టి మీద, సముద్రం పూడ్చిన మెరీన్ పరేడ్‌లో ఊపు ఇంకాస్త ఎక్కువ.

ఊగింది కాబట్టి కూలుతుందనుకోవడమే అసలు ప్రమాదం. 2009 సెప్టెంబర్ 30న సుమత్రాలోని పడాంగ్‌లో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు అక్కడ వెయ్యిమందికి పైగా పోయారు. ఇక్కడ ఊగామంతే. ఆ సాయంత్రం, కూతురి కాన్పుకు వచ్చిన ఒక పిన్నిగారు పాస్‌పోర్టుల సంచీ చంకన పెట్టుకుని పదహారు అంతస్తులు పరుగున దిగారు. రెండో అంతస్తు మలుపులో జారి మడమ విరిగింది. బిల్డింగుకు పెచ్చు కూడా ఊడలేదు. పలకరించడానికి వెళ్తే, "గుజరాత్‌లో భుజ్ భూకంపం గుర్తొచ్చింది నాయనా" అన్నారు. ఆవిడను ఏమని తప్పుపడతాం?

ఊగుతున్నంతసేపూ మెట్లు దిగొద్దు, లిఫ్ట్ అసలే వద్దు. గట్టి బల్ల కింద దూరండి, కిటికీ అద్దాలకు దూరంగా ఉండండి. ఆగాక స్టవ్ కట్టేయండి.

ఇక పగుళ్లు. మీరు పంపేవాటిలో ఎక్కువ భాగం ప్లాస్టర్‌ మీద పాత వెంట్రుక గీతలే, మీ కంట పడింది ఇవాళ. రెండు చివర్లా పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ రాయండి, నెల తర్వాత చూడండి. పిల్లర్‌లోనో బీమ్‌లోనో ఏటవాలుగా చీలినా, తలుపు ఉన్నట్టుండి పట్టేసినా మాత్రం అదే రోజు ఫోన్ చేయండి.

సునామీయా? మనకూ హిందూ మహాసముద్రానికీ మధ్య సుమత్రా అడ్డం. "రాత్రి పదకొండుకు పెద్దది వస్తుందట" అనే మెసేజా? టైము చెప్పి వచ్చే భూకంపం లేదు. నాకు ఫార్వర్డ్ చేయకండి, డిలీట్ చేయండి.