బ్రేకు దగ్గర ఎన్ని కప్పుల టీ కాగుతుంది?

ఘాట్ రోడ్డు దిగుతుంటే చక్రాల దగ్గర మాడు వాసన ఎందుకొస్తుందని ఒక పాఠకుడు అడిగారు.

బడిలో 'గతిశక్తి ఉష్ణశక్తిగా మారును' అని రాయిస్తారు. ఎంత ఉష్ణమో మాత్రం చెప్పరు. లెక్క చూద్దాం. వెయ్యి కిలోల కారు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతూ ఆగిందంటే 50 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. ఒక కప్పు టీ నీళ్లు మరగడానికి అది చాలు. వేగం రెట్టింపైతే నాలుగు కప్పులు. అదే కారు బ్రేకు మీదే వంద మీటర్ల ఎత్తు దిగితే దాదాపు ఇరవై! ఇదంతా చక్రంతో పాటు తిరిగే ఇనప డ్రమ్మూ, దానికి ఒరుసుకుని ఆపే లైనర్ అనే ముక్కా రాసుకునే పల్చటి పొరలో కాగాలి. లైనర్‌కు వేడిని లాగేసే గుణం తక్కువ కాబట్టి ఎక్కువ భాగం ఇనప డ్రమ్మే మింగుతుంది.

1888లో జర్మనీలో, కారు తయారుచేసిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా ఆ కారు తీసుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు బయల్దేరింది. దారిలో చెక్క బ్రేకు దిమ్మలు అరిగిపోతే, చెప్పులు కుట్టేవాడి చేత వాటికి తోలు కొట్టించింది. ఇంగ్లండులో డెర్బీషైర్ కొండల్లో బళ్లవాళ్లూ పాత బూట్లను దిమ్మలకు కొట్టుకునేవారు. అది హెర్బర్ట్ ఫ్రూడ్ కంట పడింది. 1897లో బ్రేకు లైనర్లు చేసే ఫెరోడో సంస్థకు నాంది పలికిన మనిషి ఈయనే.

ఫ్రూడ్ నీటిచక్రంతో తిరిగే పరీక్షాయంత్రం పెట్టుకున్నాడు. ఇలాంటి పరీక్షలో సూత్రం ఒకటే: తిరిగే డ్రమ్ముకు లైనర్ ముక్కను వంద కిలోల బలంతో నొక్కితే, అది నలభై కిలోల బలంతో వెనక్కి లాగిందనుకోండి, ఘర్షణ గుణకం 0.4. చల్లగా ఉన్నప్పుడు ఈ అంకె చూసి మురిసిపోకూడదు. వేడెక్కాక అది 0.2కి జారితే పెడల్‌ను రెట్టింపు బలంతో తొక్కాలి. నా ఓటు మొదటి నుంచి చివరి దాకా 0.35 ఇచ్చే ముక్కకే. ఫ్రూడ్ తొలి లైనర్లలోని తారు, జిగురు పట్టించిన నూలు చల్లగా ఉంటే బాగా పట్టేది. వేడికి జిగురు కరిగితే మాత్రం నూనె రాసినట్టు జారేది, ఆపైన నూలూ మాడేది. కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించేవాళ్లం మనం, వేడి లైనర్ గురించి అడగం!

1908లో ఫ్రూడ్ నూలు తీసేసి ఆస్‌బెస్టాస్‌కు మారాడు. అది మాడదు. దాని దుమ్ము ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుందన్న సంగతి తర్వాతెప్పుడో బయటపడింది.

ఇప్పటి లైనర్లలోనూ అన్నింటినీ పట్టి ఉంచేది రెజిన్ జిగురే. మీకు తగిలే వాసన అది మాడుతున్నదే. సెకండ్ గేరులో దిగితే ఇంజినే బండిని పట్టి ఆపుతుంది కాబట్టి ఇరవై కప్పుల్లో చాలా మటుకు ఇంజిను దగ్గరే కాగుతాయి.