ప్యాకేజీ దించే ముందు: ఫ్రంట్ ఎండ్ పనిలో అపోహలు - వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల వ్యాపారులకీ, కడియం నర్సరీలకీ, కోనసీమలో కొబ్బరి సరుకు అమ్మేవాళ్ళకీ వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. అందులో ఫ్రంట్ ఎండ్ అంటే చూసేవాళ్ళ బ్రౌజర్‌లో కనిపించే భాగం. ప్యాకేజీ, లైబ్రరీ అంటే వేరేవాళ్ళు రాసిపెట్టిన కోడుని తెచ్చి వాడుకునే మూట. ఇంటర్న్‌షిప్‌కి వచ్చే కాలేజీ పిల్లల దగ్గరా, పని అప్పగించే వ్యాపారుల దగ్గరా కొన్ని నమ్మకాలు మళ్ళీ మళ్ళీ వింటుంటాను. వాటివల్ల సైట్లు అనవసరంగా బరువెక్కుతున్నాయి, ఏడాది తిరక్కుండానే మరమ్మతుకి వస్తున్నాయి. అందుకే రాస్తున్నాను.

అపోహ: ఈ రోజుల్లో ఏ సైటైనా రియాక్ట్ లాంటి ఫ్రేమ్‌వర్క్‌తోనే (ముందే రాసిపెట్టిన కోడు చట్రంతోనే) మొదలుపెట్టాలి.

వాస్తవం: అది పేజీ చేసే పనిని బట్టి ఉంటుంది. రొయ్యల రేట్ల పేజీనే తీసుకోండి. 30 కౌంట్, 40 కౌంట్ నుంచి 100 కౌంట్ దాకా, అంటే కిలోకి ఎన్ని తూగితే ఎంత ధర అని చెప్పే చిన్న పట్టిక. పొద్దున్న ఒకసారి మారుతుంది. చూసే రైతు చెరువు గట్టు మీద ఉంటాడు. పట్టుబడికి మనుషులు దిగిపోయారు, కొనేవాళ్ళ తరఫు మనిషి ఎదురుగా నిలబడి రేటు చెబుతున్నాడు, ఫోన్‌లో సిగ్నల్ ఒకటో రెండో గీతలు. ఆ నిమిషంలో అతనికి కావాల్సింది ఒకే ఒక్క అంకె.

ఆ పేజీ మొత్తం బ్రౌజర్‌లోనే తయారయ్యేలా కడితే ఏమవుతుందో చూడండి. ముందు ఖాళీ హెచ్‌టీఎంఎల్, అంటే పేజీ చట్రం వస్తుంది. తర్వాత పేజీని నడిపే కోడు, అంటే జావాస్క్రిప్ట్ ఫైలు దిగాలి. రియాక్ట్, దాన్ని బ్రౌజర్‌లో చూపించే రియాక్ట్ డామ్ కలిపి, కుదించి జిప్ చేశాక కూడా 40 కేబీ పైమాటే. దాని మీద మన కోడు, పేజీలు మార్చే రూటరు కోడు, ఐకాన్లు. ఫోన్ అదంతా చదివి, నడిపి, అప్పుడు రేట్ల కోసం సర్వర్‌ని మళ్ళీ అడుగుతుంది. అవి వచ్చాకే పట్టిక కనిపిస్తుంది. అందాకా తెల్ల తెరే. మధ్యలో ఏ ఒక్కటి ఆగినా రైతు చేతిలో ఏమీ ఉండదు. అదే పట్టికని సర్వరే నింపి పంపితే కొద్ది కేబీల్లో, ఒక్క రాకపోకతో పని అయిపోతుంది. రియాక్ట్‌ని సర్వర్ మీద కూడా నడపొచ్చు, నిజమే. కానీ ఇంత చిన్న పట్టికకి ఆ ఏర్పాటంతా నిలబెట్టి, ఏళ్ళ తరబడి చూసుకోవడం దండగ.

ఇంకో మాట. 100 కేబీ ఫొటో, 100 కేబీ జావాస్క్రిప్ట్ ఒకటి కావు. ఫొటోని విప్పి చూపిస్తే సరిపోతుంది. స్క్రిప్ట్‌ని ఫోన్ చదివి విడదీయాలి (పార్స్), యంత్రానికి అర్థమయ్యేలా మార్చాలి (కంపైల్), నడపాలి. అది నడుస్తున్నంతసేపూ పేజీ వేలికి పలకదు. తక్కువ ధర ఫోన్లో ఈ తేడా వెంటనే తెలిసిపోతుంది.

రియాక్ట్ మీద నాకేమీ కోపం లేదు. 2013లో ఫేస్‌బుక్ దాన్ని బయటపెట్టింది. ఒకే సమాచారం తెర మీద చాలాచోట్ల మారుతూ ఉండే పనికి అది చాలా గట్టి పనిముట్టు. చెరువుల వారీగా మేత, ఆక్సిజన్, ఖర్చు రాసుకునే అప్లికేషన్‌కి మేమూ అదే వాడతాం, ఎందుకంటే అక్కడ ఒక అంకె దిద్దితే మిగతా లెక్కలన్నీ కదలాలి.

అపోహ: క్యాలెండరు, పాపప్, తెరుచుకునే మెనూ కావాలంటే ప్లగిన్ (బయటి నుంచి తెచ్చి తగిలించే కోడు) తప్పదు.

వాస్తవం: ఒకప్పుడు తప్పేది కాదు. 2006లో జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వచ్చేనాటికి ఒక్కో బ్రౌజరుది ఒక్కో తీరు. ఆ రోజులు పోయాయి. 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కి స్వస్తి చెప్పింది. పాపప్‌కి హెచ్‌టీఎంఎల్‌లోనే డైలాగ్ ట్యాగ్ ఉంది, అదే ఏడాది మార్చికల్లా ముఖ్యమైన బ్రౌజర్లన్నింటికీ వచ్చేసింది. నొక్కితే తెరుచుకునే ప్రశ్న-జవాబులకి డీటెయిల్స్ ట్యాగ్ చాలు. నర్సరీ ఆర్డరు ఫారంలో మొక్కలు ఏ తేదీకి కావాలో అడగాలంటే ఇన్‌పుట్‌కి డేట్ టైప్ ఇవ్వండి. ఫోన్ సొంత క్యాలెండరు తెరుచుకుంటుంది, కొనేవాళ్ళకి అలవాటైనదే.

తేదీల కోసం మొమెంట్ అనే లైబ్రరీ దించడం ఇంకా చూస్తున్నాను. దాన్ని నడిపేవాళ్ళే 2020 సెప్టెంబరులో కొత్త ప్రాజెక్టులకి వాడొద్దన్నారు. బ్రౌజర్‌లోనే ఉన్న ఇంటల్ (Intl) అనే సదుపాయాన్ని అడిగితే తెలుగులో వారం పేరు, నెల పేరు ఇస్తుంది; 1,25,000 అని మన పద్ధతిలో కామాలూ పెడుతుంది.

అపోహ: సీడీఎన్ (అందరి సైట్లకీ ఫైళ్ళు పంచే సర్వర్లు) నుంచి పెడితే లైబ్రరీ అందరి ఫోన్లలో ముందే ఉంటుంది, బరువు లెక్కలోకి రాదు.

వాస్తవం: ఇప్పుడు అలా లేదు. గోప్యత కోసం బ్రౌజర్లు కాష్‌ని, అంటే దించి దాచుకున్న ఫైళ్ళని, సైటు వారీగా విడగొట్టాయి. క్రోమ్ 2020లో, ఫైర్‌ఫాక్స్ 2021లో. వేరే సైటు కోసం దించిన ఫైలు మీ సైటుకి పనికిరాదు.

అపోహ: అంతమంది వాడే ప్యాకేజీకి ఏమవుతుంది?

వాస్తవం: అయింది, ఒకసారి కాదు. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే చోటు) నుంచి తీసేస్తే, బేబెల్ అనే పనిముట్టు, రియాక్ట్ మీద ఆధారపడ్డ ఎన్నో బిల్డ్‌లు (కోడుని సైటుగా తయారుచేసే పని) ఆగిపోయాయి. పాత బ్రౌజర్లలో లేని సదుపాయాలని నింపే స్క్రిప్ట్‌లు ఇచ్చే పాలీఫిల్.ఐఓ డొమైన్ 2024లో చేతులు మారింది. జూన్‌కల్లా దాన్నుంచి చెడ్డ స్క్రిప్ట్ వస్తోందని బయటపడింది. అప్పటికి లక్షకు పైగా సైట్లు దాన్ని వాడుతున్నాయి. 2025 సెప్టెంబరులో ఒక నిర్వాహకుడికి దొంగ మెయిల్ పంపి, చాక్, డీబగ్ లాంటి ప్యాకేజీల్లోకి క్రిప్టో వాలెట్లని దోచే కోడు దూర్చారు. అవి చాలామంది పేరు పెట్టి దించుకున్నవి కావు, వేరేవాటి వెనక వచ్చినవి.

కాబట్టి లాక్ ఫైలుని (ఏ ప్యాకేజీ ఏ వెర్షను దిగిందో రాసి ఉండేది) గిట్‌లో, అంటే కోడు మార్పులన్నీ దాచే చోట పెట్టండి. సర్వర్ మీద ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ (npm ci) అనే ఆదేశం వాడండి, లాక్ ఫైలులో ఉన్నదే దిగుతుంది. బయటి స్క్రిప్ట్‌లని మీ డొమైన్‌లోకి తెచ్చుకోండి. ఎన్‌పీఎం ఎల్ఎస్‌కి ఆల్ జతచేసి (npm ls --all) నడిపితే మీరు అడగనివి ఎన్ని వచ్చాయో తెలుస్తుంది. చూడనివాళ్ళు ఒక్కసారి చూడండి, ఆ జాబితా పొడుగు చూస్తే టెన్షన్ వస్తుంది.

అపోహ: సింపుల్‌గా ఉండాలంటే అన్నీ మనమే రాసుకోవాలి.

వాస్తవం: ఇది రెండో వైపు అతి. మొక్క పేరు పొడుగైతే 20 అక్షరాలకి కోసే ఫంక్షన్ రెండు వరుసల్లో రాసేయొచ్చు, ఇంగ్లీషుకి చక్కగా నడుస్తుంది. తెలుగుకి నడవదు. ‘స్త్రీ’ మనకి ఒకే అక్షరం, జావాస్క్రిప్ట్‌కి ఆరు. కోత మధ్యలో పడితే ఒత్తు ఊడి పొల్లు మిగులుతుంది. అక్కడ లైబ్రరీ కూడా అక్కర్లేదు, పేజీ రూపాన్ని చెప్పే సీఎస్‌ఎస్‌లో టెక్స్ట్ ఓవర్‌ఫ్లోకి ఎలిప్సిస్ పెడితే బ్రౌజరే చూసుకుంటుంది. కానీ కస్టమర్లు రాసిన అభిప్రాయాలని హెచ్‌టీఎంఎల్‌గా చూపించాల్సి వస్తే దాన్ని శుభ్రం చేసే కోడు సొంతంగా రాయకండి. దొంగ స్క్రిప్ట్ దూరే సందులు మనం ఊహించలేనన్ని. ఆ పనికే ఉన్న డామ్‌ప్యూరిఫై అనే లైబ్రరీ పెట్టుకోండి. నర్సరీల మ్యాప్ కావాలంటే లీఫ్‌లెట్ అనే మ్యాప్ లైబ్రరీ వాడండి, రెండు వేళ్ళతో జూమ్ చేయడం సొంతంగా రాసుకుంటూ నెల పోగొట్టుకోకండి.

మా దగ్గర కొత్త ప్యాకేజీ కావాలని అడిగేవాళ్ళతో ముందు దాన్ని తీసేసే దారి చెప్పించుకుంటాను. మ్యాప్ కోడంతా ఒక్క ఫైలులో ఉండి, మిగతా సైటు ఆ ఫైలునే పిలిస్తే సరే. ఇరవై ఫైళ్ళలో లీఫ్‌లెట్ పేరు కనిపిస్తే వెనక్కి పంపుతాను.