పాటల ట్యాగ్‌లు: అపోహలు, వాస్తవాలు

పాటల కలెక్షన్ సర్దిపెట్టమని నా దగ్గరికి వచ్చేవాళ్ళ నోట తరచూ వినే మాటలివి.

అపోహ: ఫోల్డర్లు, ఫైల్ పేర్లు చక్కగా ఉంటే చాలు.

చాలా ప్లేయర్లు ఫోల్డర్ మొహం కూడా చూడవు, ఫైల్ లోపల రాసి ఉండే పాట పేరు, గాయకుడు, ఆల్బమ్ లాంటి వివరాలే, అంటే ట్యాగ్‌లే, చదువుతాయి. పేరుకు ముందు 03 అని ఎంత ముచ్చటగా పెట్టినా, ట్రాక్ నంబర్ గడి ఖాళీగా ఉంటే పాటల వరస తప్పొచ్చు. ముందు ట్యాగ్ సరిచేసి, అందులోంచే ఫైల్ పేరు పుట్టించండి. ఎంపీ3ట్యాగ్, పికార్డ్ లాంటి ట్యాగ్ సాఫ్ట్‌వేర్లు వందల ఫైళ్ళకు ఒకేసారి ఆ పని చేసిపెడతాయి.

అపోహ: ఒకే ఆల్బమ్ పది ముక్కలై కనబడితే తప్పు ప్లేయర్‌దే.

తప్పు సాధారణంగా ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ గడి ఖాళీగా వదిలేయడంలో ఉంటుంది. అది లేకపోతే ప్లేయర్ ‘ఆర్టిస్ట్’ను పట్టుకుంటుంది. పాటకో గాయకుడు ఉంటే ఆల్బమ్ అన్ని ముక్కలవుతుంది. ఆర్టిస్ట్‌లో గాయకుల పేర్లు ఉంచి, ఆల్బమ్ ఆర్టిస్ట్‌లో మాత్రం అన్ని పాటలకూ ఒకే పేరు రాయండి. సినిమా ఆల్బమ్‌కి నేను సంగీత దర్శకుడి పేరే పెడతాను. అది కంపోజర్ గడిలో ఉండాల్సిందని వాదించేవాళ్ళున్నారు. రెండుచోట్లా రాస్తే గొడవే లేదు. ఇంటిపేరు పొడి అక్షరం తర్వాత ఒకచోట చుక్క పెట్టి ఇంకోచోట మానేశారా, ప్లేయర్ లెక్కలో వాళ్ళు ఇద్దరు మనుషులు.

అపోహ: తెలుగులో ట్యాగ్ రాస్తే పనిచేయదు.

ఎంపీ3 ఫైళ్ళలో ట్యాగ్ రాసే పద్ధతి పేరు ఐడీ3. ఈ భయానికి మూలం 1996 నాటి దాని మొదటి వెర్షన్. ఫైల్ చివర 128 బైట్లు, అందులో పాట పేరుకి 30. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌కి 3 బైట్లు కావాలి. గుణింతపు గుర్తూ పొల్లూ విడివిడి కోడ్‌లే. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే 18 బైట్లు ఖర్చు! రెండో వెర్షన్‌కి ఈ ఇరుకు లేదు. దాని 2.3 రూపంలో యూటీఎఫ్-16, 2000లో వచ్చిన 2.4లో యూటీఎఫ్-8 కూడా ఉన్నాయి. పాత కారు స్టీరియోలు కొన్ని 2.4 చదవలేవు కాబట్టి నా ఓటు 2.3కే. ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించే ఆడియో రకం) ఫైళ్ళకి ఈ బెడదే లేదు, వాటి ట్యాగ్‌లు ఎప్పుడూ యూటీఎఫ్-8లోనే ఉంటాయి.

ఇంకోటి. తెరమీద డబ్బాలు కనబడితే కంగారు వద్దు, సాధారణంగా ఆ పరికరంలో తెలుగు ఫాంట్ లేదని అర్థం. ఫైల్ లోపలే ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిపోతే మాత్రం అక్షరాలు పోయినట్టే, మళ్ళీ టైప్ చేసుకోవాలి.

అపోహ: ట్యాగ్ మారిస్తే సౌండ్ పాడవుతుంది.

పాడవదు. ఆడియో డేటాని అది ముట్టుకోదు. సౌండ్ పాడయ్యేది 128 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) పాటని 320కి ‘పెంచినప్పుడు’: ఫైల్ సైజు పెరుగుతుంది, పోయిన వివరం తిరిగిరాదు సరికదా, రెండో కంప్రెషన్‌లో ఇంకాస్త పోతుంది.

అపోహ: ఒక్క నొక్కుతో సాఫ్ట్‌వేర్ అంతా సర్దేస్తుంది.

పికార్డ్ పాట శబ్దం నుంచి వేలిముద్ర తీసి మ్యూజిక్‌బ్రెయిన్జ్ డేటాబేస్‌లో వెతకగలదు. రికార్డింగ్ ఏదో బాగానే గుర్తుపడుతుంది. కానీ అదే రికార్డింగ్ అసలు ఆల్బమ్‌లోనూ, తర్వాతి హిట్స్ సంకలనాల్లోనూ ఉంటే, మీ దగ్గరున్నది ఎక్కడిదో దానికెలా తెలుస్తుంది? మొత్తం లైబ్రరీని ఒకేసారి అందులో పోస్తే ఒక ఆల్బమ్ పాటలు నాలుగు సంకలనాల్లోకి చెదిరిపోవచ్చు. ముందు బ్యాకప్ తీసి, ఒక్కో ఆల్బమ్ చొప్పున వెళ్ళండి. సేవ్ నొక్కేముందు ఆల్బమ్ పేరు, సంవత్సరం, పాటల సంఖ్య సరిపోయాయో లేదో చూసుకోండి.