విండోస్ వేయడానికి గంటలు పడుతోందా? అపోహలు - వాస్తవాలు

విండోస్ వేస్తుంటే శాతం అంకె కదలడం లేదంటూ ఇంటి కంప్యూటర్ తెచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఒకటికి రెండుసార్లు మొదటినుంచి వేసి చూసి ఉంటారు. వాళ్లకు నేను చెప్పే మొదటి మాట: ఇంకోసారి వేయకండి, ముందు ఎక్కడ ఆగుతోందో చూడండి. ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) ఉంటే విండోస్ 10 అయినా 11 అయినా మామూలుగా అరగంటలో ఎక్కేస్తుంది. పాత హార్డ్‌డిస్క్ అయినా బాగుంటే గంట, గంటన్నరలో అయిపోవాలి.

అపోహ: పెన్‌డ్రైవ్‌లోని కాపీ బాగోలేదు.

కావచ్చు, కానీ అది తేల్చడం తేలిక. పెన్‌డ్రైవ్‌తో పని దాదాపుగా మొదటి రీస్టార్ట్ వరకే. అప్పటిదాకా అందులోని ఫైళ్లను చదివి, విప్పి, డిస్క్ మీద రాస్తుంది. ఆ తర్వాత కూడా నత్తనడకే అయితే తప్పు పెన్‌డ్రైవ్‌ది కాదు. మొదటి దశలోనే ఆగుతుంటే పోర్ట్ మార్చండి, వేరే పెన్‌డ్రైవ్‌తో చూడండి. పాత యూఎస్‌బీ 2.0 పోర్ట్ మీదే నెపం వేయడం కూడా సరికాదు. దాని వేగం సెకనుకు 30, 40 ఎంబీ ఉంటుంది. ఐదారు జీబీల ఫైళ్లు చదవడానికి మూడు నాలుగు నిమిషాలు చాలు.

అపోహ: ర్యామ్ పెంచితే త్వరగా అయిపోతుంది.

4 జీబీ ఉంటే విండోస్ 11 ఇన్‌స్టాలేషన్‌కు సరిపోతుంది. ర్యామ్ పాడైతే మాత్రం ఫైళ్లు దెబ్బతిన్నాయంటూ ఎర్రర్లు వస్తాయి. అప్పుడు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్ పెట్టి రాత్రంతా వదిలేయండి.

అపోహ: డిస్క్ కనిపిస్తోంది కాబట్టి బాగున్నట్టే. ఫార్మాట్ కొడితే మిగతాది సర్దుకుంటుంది.

ఇంటి డేటాను ముంచేది ఈ నమ్మకమే. డిస్క్ మీద కొన్ని సెక్టార్లు (డేటా ఉండే చిన్న చిన్న గడులు) పాడైతే, అవి చదవడానికి అది మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అందుకే శాతం ఒకేచోట నిలిచిపోతుంది, హార్డ్‌డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. చెవి దగ్గర పెట్టి వినండి. టిక్, టిక్ అని ఒకే తీరున శబ్దం వస్తుంటే వెంటనే పవర్ ఆపేయండి. విండోస్ సెటప్‌లో ఫార్మాట్ నొక్కితే క్విక్ ఫార్మాటే జరుగుతుంది, సెకన్లలో అయిపోవాలి. అదే నిమిషాలు తీసుకుంటే డిస్క్‌ను అనుమానించాల్సిందే.

అనుమానం తీరాలంటే డిస్క్‌ను మరో సిస్టమ్‌కు తగిలించి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్లు, కరెంట్ పెండింగ్ సెక్టార్లు అన్న వరుసల్లో సున్నా కాకుండా వేరే అంకె ఉండి, అది పెరుగుతూ పోతుంటే ఆ డిస్క్‌ను నమ్మొద్దు. సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో దెబ్బతిన్న లెక్క) మాత్రమే పెరుగుతుంటే సంతోషించండి, చాలావరకు అది డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ సమస్య. కేబుల్ మార్చి చూడండి. డిస్కే పాడైందని తేలితే ముందు ఫొటోలు, కాగితాలు వేరేచోటికి కాపీ చేసుకోవాలి. ఆ కాపీ పూర్తయ్యేదాకా చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ టూల్) నడపొద్దు. ఆ శ్రమకే చివరి ఊపిరి వదిలే డిస్క్‌లు ఉన్నాయి.

అపోహ: విండోస్ వెళ్లేది కొత్త ఎస్‌ఎస్‌డీలోకి. పక్కనున్న పాత డిస్క్‌తో పనేముంది?

చాలా పని ఉంది. సెటప్ మొదలవగానే తగిలించి ఉన్న ప్రతి డిస్క్‌నూ పలకరిస్తుంది. ఒక డెస్క్‌టాప్‌లో కొత్త ఎస్‌ఎస్‌డీ, పెళ్లి ఫొటోలున్న పాత డిస్క్ కలిసి ఉన్నాయి. విండోస్ ఎక్కడ వేయాలో అడిగే పార్టిషన్ల (డిస్క్‌లోని భాగాల) జాబితా రావడానికే చాలాసేపు పట్టింది. పాత డిస్క్ సాటా కేబుల్ తీసేశాను, వెంటనే జాబితా వచ్చేసింది. ఇన్‌స్టాలేషన్ ఆ పూటే ముగిసింది. ఫొటోలను తర్వాత, తొందరపడకుండా, వేరే డిస్క్‌లోకి తీశాం. అందుకే విండోస్ వేసే ముందు అవసరం లేని డిస్క్‌లన్నీ తీసేయడం మంచిది. పొరపాటున వేరే డిస్క్ ఫార్మాట్ అయిపోయే టెన్షన్ కూడా ఉండదు.

అపోహ: శాతం కదలకపోతే స్విచ్ ఆపేయాలి.

ఆపే ముందు షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా నొక్కాలి. నల్లటి విండో తెరుచుకుంటుంది. అందులో డిస్క్‌పార్ట్ (diskpart) అని కొట్టి ఎంటర్, ఆపై లిస్ట్ డిస్క్ (list disk) అని కొట్టి ఎంటర్ నొక్కండి. రెండూ ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. జాబితా టక్కున వస్తే ఇంకాసేపు ఆగొచ్చు. రెండు మూడు నిమిషాలైనా రాకపోతే డిస్క్, కేబుల్ సంగతి తేల్చుకున్నాకే మళ్లీ మొదలుపెట్టండి.