రెసిస్టర్ మీద కొలిచి, స్పీకర్‌తో వింటే: చెవి అలసట వెనుక వందేళ్ల కథ

ఆంప్లిఫయర్‌నూ స్పీకర్లనూ విడివిడిగా ఎంతో శ్రద్ధతో ఎంచి తెచ్చుకున్న శ్రోత, గంట తిరగకుండానే తనకు తెలియకుండా వాల్యూమ్ తగ్గించడం, మరి కాసేపటికి పాట ఆపేయడం అరుదేమీ కాదు. ఇదీ లోపమని వేలెత్తి చూపడానికి ఏమీ వినిపించదు, తల మాత్రం బరువెక్కుతుంది. అప్పుడు నింద సాధారణంగా ఏదో ఒక పెట్టె మీద పడుతుంది. నా దృష్టిలో చాలా సందర్భాల్లో తప్పు ఆ రెంటి పొత్తులో ఉంటుంది. ఆంప్లిఫయర్ సామర్థ్యాన్ని ప్రయోగశాలలో ఒక రెసిస్టర్ (నిరోధం మారకుండా ఉండే విడిభాగం) తగిలించి కొలుస్తారు, ఇంట్లో మాత్రం దానికి తగిలించేది స్పీకర్. ఈ రెంటి మధ్య దూరం ఒక్కరోజులో పెరిగింది కాదు.

1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ కదిలే కాయిల్‌తో కోన్‌ను ఆడించే స్పీకర్‌ను వివరించారు. నేటి స్పీకర్లలో అత్యధికం దాని సంతతే. అప్పట్లో కరువల్లా వాట్లకే. వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి ప్రసిద్ధ 300బి వాల్వు (ట్రాన్సిస్టర్‌కు ముందు ఆ పని చేసిన గాజుగొట్టం) ఒక్కటే పనిచేస్తే వచ్చేది దాదాపు 8 వాట్లు. ఆ కొద్దిపాటి శక్తితో హాలంతా వినిపించాలంటే స్పీకరే ఎక్కువ పలకాలి కాబట్టి, పెద్ద హార్న్‌లతో ఒక వాట్‌కు మీటరు దూరంలో 100 డెసిబెల్స్ పలికే స్పీకర్లు కట్టేవారు. ఇవాళ ఇళ్లలో కనిపించే 85 డెసిబెల్స్ స్పీకర్ అంత గట్టిగా పలకాలంటే ఒక వాట్ చోట 32 వాట్లు కావాలి. వాల్వు ఆంప్లిఫయర్ వెనుక 4, 8, 16 ఓమ్‌ల (ఓమ్ అంటే విద్యుత్ నిరోధానికి కొలమానం) స్పీకర్లకు వేర్వేరు బిగింపులు ఉండేవి, వాటిలో తగినదానికి తీగ బిగిస్తే జత కుదిరినట్టే.

డిస్టార్షన్ (అసలు సంకేతంలో లేనిది చేరి దాని రూపం చెడటం) తగ్గించే దారి 1927లో తెరుచుకుంది. ఆ ఏడాది బెల్ ల్యాబ్స్‌లో హెరాల్డ్ బ్లాక్ నెగటివ్ ఫీడ్‌బ్యాక్‌ను, అంటే బయటికి వచ్చే సంకేతంలో కొంత వెనక్కి తెచ్చి తప్పును సరిదిద్దే పద్ధతిని కనిపెట్టారు. దాని ఆధారంగా 1947లో విలియమ్సన్ ప్రకటించిన 15 వాట్ల వాల్వు ఆంప్లిఫయర్ డిస్టార్షన్‌ను 0.1 శాతానికి దించింది. అది గొప్ప విజయమే గానీ, అక్కడి నుంచి ఆ డిస్టార్షన్ అంకె ఒక్కటే నాణ్యతకు కొలబద్ద అయి కూర్చుంది. 1950లోనే బీబీసీకి చెందిన షార్టర్ దీనిపై హెచ్చరించారు. డిస్టార్షన్ వల్ల పుట్టే అనుస్వరాలను (మూలస్వరానికి రెండు, మూడు ఇలా రెట్లలో పలికే హార్మోనిక్స్‌ను) అన్నిటినీ ఒకే గాటన కట్టరాదనీ, పై అనుస్వరాలకు ఎక్కువ బరువు ఇచ్చి లెక్కించాలనీ ఆయన సూచన. దాని అంతరార్థం పాడేవారికి సులువుగా బోధపడుతుంది. రెండో అనుస్వరం అదే స్వరానికి పై స్థాయి గనుక అందులో కలిసిపోతుంది, ఏడోదీ పదకొండోదీ స్వరస్థానాల మధ్య అపశ్రుతిగా నిలుస్తాయి. శాతం చిన్నదైనా చెవిని విసిగించేవి ఇవే.

ఇంతలో స్పీకర్ స్వభావమే మారింది. 1954లో ఎడ్గర్ విల్చర్ గాలి చొరబడని పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడి, చిన్న పెట్టె నుంచి లోతైన మంద్రాన్ని రాబట్టారు. దానికి మూల్యంగా వాట్‌కు పలికే శబ్దం బాగా తగ్గింది. 1957లో పీటర్ వాకర్ విడుదల చేసిన క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ గొంతు స్వచ్ఛతకు నేటికీ ఆదర్శం. అయితే విద్యుత్‌పరంగా అది కెపాసిటర్‌లాంటిది, తారస్థాయిలో దాని ఇంపెడెన్స్ (స్వరస్థాయిని బట్టి మారే విద్యుత్ నిరోధం) 2 ఓమ్‌ల దరిదాపులకు జారుతుంది.

సరిగ్గా ఆ దశలోనే ట్రాన్సిస్టర్ వచ్చి వాట్ల కరువు తీర్చింది. కానీ తొలి తరం ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లలో, తరంగం సున్నాను దాటే చోట ఒక ట్రాన్సిస్టర్ పని వదిలి మరొకటి అందుకునే క్షణంలో చిన్న విరుపు ఏర్పడేది. పెద్ద శబ్దంలో అది కనబడదు, వయొలిన్ స్వరం సన్నగిల్లి ఆరిపోయే వేళ మాత్రం ఇసుక రాలినట్టు వినిపిస్తుంది. వాల్వులో డిస్టార్షన్ శబ్దంతోపాటు పెరుగుతుంది, ఇక్కడ శబ్దం తగ్గేకొద్దీ దాని పాలు పెరుగుతుంది. ఇంట్లో మనం వినేది ఎక్కువగా ఒక వాట్ లోపే కదా! పూర్తి శక్తి వద్ద కొలిచిన అంకెలు ఈ సంగతిని కప్పిపుచ్చాయి.

వాల్వుల వైపూ చిక్కు లేకపోలేదు. పేరుకు 8 ఓమ్‌ల స్పీకర్ మంద్రంలో అనునాదం వద్ద 30 ఓమ్‌లకు ఎక్కి, మరోచోట 4 ఓమ్‌లకు దిగుతుందనుకుందాం. వాల్వు ఆంప్లిఫయర్ సొంత నిరోధం 2 ఓమ్‌లయితే, ఆ రెండు చోట్లా స్పీకర్‌కు అందే వోల్టేజిలో దాదాపు 3 డెసిబెల్స్ తేడా వస్తుంది. అదే నిరోధం 0.05 ఓమ్ అయితే తేడా 0.1 డెసిబెల్‌కు మించదు. అంటే మొదటి జతలో స్పీకర్ ఇంపెడెన్స్ గీతే (స్వరస్థాయితో అది ఎక్కి దిగే తీరే) స్వరవర్ణాన్ని తిరగరాస్తోంది. కొందరికి అది తీపిగా తోస్తుంది. ఆ గీత చెవి అతి సున్నితంగా ఉండే 2 నుంచి 5 కిలోహెర్ట్జ్‌ల మధ్య పైకి లేస్తే మాత్రం గంటసేపు కూర్చోవడం కష్టం.

1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, వాట్లను నిరంతరాయంగా ఇవ్వగలిగినంతే ప్రకటించాలని నిబంధన పెట్టింది. ప్రకటనల్లోని అతిశయోక్తులకు అది కళ్లెం వేసినా, కొలత మాత్రం రెసిస్టర్ మీదనే సాగింది. ఫిన్లాండ్ పరిశోధకుడు మట్టి ఓటాలా 1970లో వేగంగా మారే సంకేతాలకు ఫీడ్‌బ్యాక్ ఆంప్లిఫయర్లు తడబడే తీరును చూపారు. 1987లో, కొన్ని స్పీకర్లు సంగీతపు కుదుపుల్లో 8 ఓమ్‌ల రెసిస్టర్ కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగగలవని సహరచయితతో కలిసి కొలిచి చెప్పారు. అంతకు ముందే, 1980ల నడుమ వచ్చిన అపోజీ సింటిల్లా రిబ్బన్ స్పీకర్ ఇంపెడెన్స్ 1 ఓమ్‌కు దిగింది. దాన్ని మోయడానికి క్రెల్ వంటి సంస్థల భారీ ఆంప్లిఫయర్లే కావలసి వచ్చాయి. అంత కరెంటు ఇవ్వలేని యంత్రంలో రక్షణ సర్క్యూట్ మధ్యలో అడ్డుపడేది. అది పూర్తిగా ఆపేయకుండా తరంగం కొనలను తుంచేది కాబట్టి, శ్రోతకు అది కరుకుదనంగానే తోచేది.

ఇక్కడ బీబీసీ కోసం రూపొందిన ఎల్‌ఎస్3/5ఎ అనే చిన్న స్పీకర్‌ను తలచుకోవాలి. వాట్‌కు అది పలికేది 83 డెసిబెల్స్ లోపే అయినా, ఇంపెడెన్స్ 15 ఓమ్‌లు గనుక చిన్న గదిలో ఒక మోస్తరు వాల్వు ఆంప్లిఫయర్ కూడా దాన్ని హాయిగా నడిపిస్తుంది. తక్కువ పలికే స్పీకర్ వేరు, మోయడానికి బరువైన స్పీకర్ వేరు. కొనేవారు ఈ రెంటినీ ఒకటిగా చూడటం నన్ను ఎప్పుడూ బాధిస్తుంది. ఎందుకంటే, మొదటి దానికి వాట్లు పెంచితే చాలు, రెండో దానికి ఇంపెడెన్స్ గీతను, ఫేజ్ కోణంతో (వోల్టేజికీ కరెంటుకూ మధ్య వచ్చే ముందువెనుకల తేడాతో) సహా చూడాల్సిందే.

స్విచ్‌లా అతివేగంగా ఆన్, ఆఫ్ అవుతూ పనిచేసే తొలి క్లాస్ డి ఆంప్లిఫయర్లు ఈ పాత చిక్కునే కొత్తగా తెచ్చాయి. వాటి చివర ఉండే కాయిల్ ఫిల్టర్ ఫలానా ఇంపెడెన్స్‌ను ఊహించి కట్టినది కావడంతో, స్పీకర్ మారితే తారస్థాయి ఎగుడుదిగుడయ్యేది. ఫిలిప్స్‌లో పనిచేసిన బ్రూనో పుట్జీస్ ఫీడ్‌బ్యాక్‌ను ఫిల్టర్ దాటిన తర్వాతి బిందువు నుంచి తీసుకునే పద్ధతిని తెచ్చాక, ఆ తరహా ఆంప్లిఫయర్‌కు రెసిస్టర్ తగిలించినా స్పీకర్ తగిలించినా దాని నుంచి వెలువడే సంకేతపు గీత దాదాపు ఒకేలా రావడం మొదలైంది.